రోడ్డు మీద పోలీసులు ఆపితే: తరచుగా అడిగే ప్రశ్నలు

“అనుమానాస్పదంగా సంచరిస్తున్న యువకుడిని పోలీసులు అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు.” జిల్లా పేజీలో ఇలాంటి వాక్యం కనిపించని వారం ఉండదు. ఇందులో రెండు మాటలు నన్ను చాలాకాలంగా పీడిస్తున్నాయి. “అనుమానాస్పదంగా సంచరించడం” అనే నేరం మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయసంహితలో లేదు. “అదుపులోకి తీసుకోవడం” అరెస్టు కాదు, అలాగని ఆ మనిషి ఇంటికి పోలేడు. చట్టంలో పేరు లేని ఈ మధ్యస్థితికి మన పత్రికలు పేరు పెట్టేశాయి, మనం అలవాటు పడిపోయాం. వకీలుగా నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఈ స్థితి గురించే. వాటిలో తరచుగా వినే కొన్నింటికి జవాబులివి. సెక్షన్ల నంబర్లు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితవి. ఇక ముందు దాన్ని సంహిత అనే అంటాను.

ఏ అనుమానమూ లేకుండా పోలీసులు నన్ను ఆపి ప్రశ్నలు అడగవచ్చా?

అడగవచ్చు. జవాబు చెప్పి తీరాలని, చెప్పేదాకా కదలవద్దని అనాలంటే మాత్రం చట్టం చూపించాలి.

గస్తీలో ఉన్న కానిస్టేబుల్ “ఎక్కడి నుంచి వస్తున్నారు?” అని అడగడానికి ప్రత్యేకంగా ఏ అధికారమూ అక్కరలేదు. పక్కింటాయన కూడా అడుగుతాడు. తేడా అల్లా పక్కింటాయనకు జవాబు చెప్పకుండా ముందుకు నడిచే ధైర్యం మనకు ఉంటుంది, ఖాకీ చొక్కాకు చెప్పకుండా నడిచే ధైర్యం ఉండదు. ఆ భయాన్నే తర్వాత “అతనే స్వచ్ఛందంగా సహకరించాడు” అని రాసుకుంటారు.

అమెరికాలో 1968 నాటి టెర్రీ తీర్పు నుంచి “కాసేపు ఆపి పైపైన తడిమి చూడటం” అనే మెట్టు ఒకటి అరెస్టుకు కిందుగా ఉంది. బ్రిటన్‌లో 1994 నాటి చట్టంలోని సెక్షన్ 60 ప్రకారం ఇన్‌స్పెక్టర్ హోదా అధికారి ఒక ప్రాంతాన్ని ప్రకటిస్తే అక్కడ పరిమితకాలం పాటు అనుమానం లేకుండానే సోదా చేయవచ్చు. మంచో చెడో, అక్కడ కాగితం మీద ఒక గీత ఉంది. మన సంహితలో పాదచారిని ఊరికే ఆపి తడమడానికి అలాంటి సాధారణ అధికారం రాసి లేదు. అరెస్టుకు సెక్షన్ 35 ఉంది, నివారణ చర్యలకు సెక్షన్ 170 ఉంది, వాహనాలకు మోటారు వాహనాల చట్టం ఉంది, మత్తుమందులకు వేరే చట్టం ఉంది. వీటి మధ్య ఖాళీలో జరిగేదంతా అలవాటు మీద నడుస్తుంది.

మరి “అనుమానం” అంటే ఏమిటి? ఎస్సైగారికి అనిపిస్తే చాలదా?

చాలదు. సెక్షన్ 35 వాడిన మాట “సహేతుకమైన అనుమానం”. ఎందుకు అనుమానం వచ్చిందో తర్వాత మేజిస్ట్రేటు అడిగితే చెప్పగలిగే కారణం ఉండాలి. అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, ఆ అరెస్టు సమంజసమని చూపించగలగడం వేరు అని 1994లో జోగీందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జుట్టు పెంచడం, బస్తీలో ఉండటం, రాత్రి ఒంటిగంటకు టీ కోసం బయటికి రావడం కారణాలు కావు.

పోలీసు కాగితాల్లో ఒక ఆనవాయితీ వాక్యం ఉంది: “మమ్మల్ని చూసి పారిపోబోగా వెంబడించి పట్టుకున్నాము.” ఇన్నేళ్లలో నేను చదివిన కాగితాలను బట్టి చూస్తే ఈ రాష్ట్రంలో పోలీసులను చూసి నిలబడిన మనిషి ఒక్కడూ లేడనుకోవాలి. ఆ వాక్యం ఎందుకు పుట్టిందంటే అనుమానానికి కారణం రాయాలి కాబట్టి. అందుకే ఆపినప్పుడు పరుగెత్తవద్దని అందరికీ చెబుతాను. పరుగెత్తితే వాళ్లకు లేని కారణం మనమే చేతికిచ్చినట్టు.

పేరు, చిరునామా చెప్పాలా? ఆధార్ దగ్గర పెట్టుకోవాలా?

సెక్షన్ 39 ప్రకారం, పోలీసు కళ్లెదుట చిన్న నేరమేదైనా చేసినవారు, లేదా చేశారన్న ఆరోపణ ఉన్నవారు పేరు, చిరునామా చెప్పకపోయినా, తప్పు చెప్పినా అరెస్టు చేయవచ్చు. వివరాలు నిర్ధారణ అయ్యాక బాండు మీద వదిలేయాలి. ఏ ఆరోపణా లేని మనిషికి ఈ సెక్షన్ వర్తించదు. అయినా పేరు చెప్పడం వల్ల పోయేదేమీ లేదు. చెప్పేయండి, కాని అబద్ధం చెప్పకండి.

భారత పౌరుడు గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని తిరగాలని ఏ చట్టమూ అనలేదు. ఆధార్ లేదని కూర్చోబెడితే, “ఏ సెక్షన్ కింద సార్?” అని మెల్లగా అడగవచ్చు.

బండి మీద వెళ్తుంటే? అక్కడైనా కారణం చెప్పాలా?

ఇక్కడ లెక్క మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 130 ప్రకారం యూనిఫారంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా డ్రైవరు లైసెన్సు చూపించాలి. అనుమానం ఉండాలన్న షరతు అందులో లేదు. రోడ్డు మీద బండి నడపడం లైసెన్సుతో వచ్చే సౌకర్యం కాబట్టి దాన్ని ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చన్నది దాని వెనక ఉన్న ఆలోచన. పత్రాలు డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. ఆ సమయానికి దగ్గర లేకపోతే 15 రోజుల్లో చూపించే వీలు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వది ఇస్తోంది. ఈ సంగతి ఎంతమంది కానిస్టేబుళ్లకు తెలుసో నాకు అనుమానమే.

కాని సెక్షన్ 130 ఇచ్చేది పత్రాలు చూసే అధికారం. డిక్కీలో ఉన్న సంచి విప్పే అధికారం, వెనక కూర్చున్న మనిషి ఎవరని కూపీ లాగే అధికారం అందులో లేవు. తాళంచెవి లాక్కునే అధికారం అందులోనే కాదు, ఆ చట్టంలో ఎక్కడా లేదు.

కిందటి చలికాలం ఒక రాత్రి పదకొండున్నరకు కూడలిలో నన్ను ఆపారు. రోడ్డుకు అడ్డంగా నీలం డ్రమ్ములు, వాటి మధ్య కొబ్బరితాడు. నాకంటే ముందు ఒక కుర్రాడు, వీపున భోజనం పెట్టె. అతను కాలు నేలకు ఆనించకముందే ఒక చేయి వచ్చి తాళం తీసేసింది. మాట ఆ తర్వాత మొదలైంది. లైసెన్సు ఉంది, బీమా ఉంది, శిరస్త్రాణం తల మీదే ఉంది. అయినా తాళం ఆ కానిస్టేబుల్ చూపుడువేలికి తిరుగుతూనే ఉంది. కుర్రాడి ఫోను మోగింది, తీయలేదు. మళ్లీ మోగింది. “అన్నం చల్లారిపోతుంది సార్, స్టార్లు తగ్గిస్తారు” అన్నాడు. ఎనిమిది నిమిషాలకు తాళం వెనక్కి వచ్చింది. ఎందుకు ఆపారో, ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను వకీలునన్న సంగతి స్టిక్కరు చెప్పింది, “వెళ్లండి సార్” అన్నారు. ఆ ఎనిమిది నిమిషాలు ఏ రికార్డులోనూ ఉండవు. ఆ కుర్రాడు వాటి గురించి ఏ కోర్టుకూ వెళ్లడు.

మందు తాగలేదని తెలిసినా గొట్టం ఊదమంటారు. ఊదాలా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 203లో “తాగి నడుపుతున్నారని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉంటే” అనే షరతు ఉంది. శనివారం రాత్రి వరసగా అందరి చేతా ఊదించడానికి, ఈ షరతుకు పొంతన కుదరదు. అయితే ఈ ఒక్క విషయంలో నా సలహా వేరు: ఊదేయండి. నిరాకరణను కోర్టులో మీకు వ్యతిరేకంగా చూపించే వీలు అదే చట్టంలో ఉంది. పైగా తాగి నడిపేవాళ్ల బారిన పడిన కుటుంబాలను చూసినవాణ్ణి కనుక ఈ తనిఖీ మీద నాకు పెద్దగా కోపం లేదు. గొట్టం కొత్తది వేశారో లేదో మాత్రం చూసుకోండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం.

దొరికినా బండి వాళ్లదైపోదు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవారు ఉంటే బండి వారికి అప్పగించాలని, లేకపోతే బంధువులను పిలిపించాలని, ఎవరూ రాకపోతేనే భద్రత కోసం స్టేషన్‌లో ఉంచాలని 2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

ఫోను ఇవ్వమన్నారు, వాట్సాప్ తెరిచి చూశారు. ఇది సరైనదేనా?

2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు దారిన పోయేవారిని ఆపి, వాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో “గంజాయి” లాంటి మాటలు కొట్టి వెతుకుతున్న వీడియోలు బయటికి వచ్చాయి. ఎవరినీ బలవంతం చేయడం లేదు, జనమే ఇస్తున్నారు అన్న సమాధానం అప్పుడు వినిపించింది. రోడ్డు పక్కన ముగ్గురు యూనిఫారాల మధ్య నిలబడి ఇచ్చే ఇష్టం ఎలాంటిదో ఒక్కసారి నిలబడినవాళ్లకు తెలుస్తుంది.

చట్టం మాటకొస్తే, ఒక కేసు దర్యాప్తులో ఉండి, ఆ కేసుకు మీ ఫోను అవసరమైతే రాతపూర్వకంగా అడగవచ్చు. సంహితలో సెక్షన్ 94 ఇప్పుడు కమ్యూనికేషన్ పరికరాలను కూడా పేర్కొంటోంది. సెక్షన్ 185 కింద సోదా చేయాలంటే కారణాలు రాసి పెట్టుకోవాలి. ఏ కేసూ లేకుండా, దారిన పోయే మనిషి ఫోనులో ఏముందో చూద్దామనుకోవడానికి వీటిలో ఏదీ పనికిరాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పారు. ఆ హక్కును కత్తిరించాలంటే ముందు ఒక చట్టం ఉండాలన్నది ఆ తీర్పులో మొదటి మెట్టు. తనిఖీలో ఉన్న పోలీసుల దగ్గర లేనిది సరిగ్గా అదే.

అంటే ఏం చేయాలి? “సార్, ఏ కేసులో చూస్తున్నారో చెప్పండి, నోటీసు ఇవ్వండి, తప్పకుండా ఇస్తాను” అనండి. గొంతు పెంచవద్దు. లాక్కుంటే పెనుగులాడవద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకున్నారో గుర్తుపెట్టుకోండి. వేలిముద్రతో తెరుచుకునే తాళం కంటే అంకెల తాళం నయమని కూడా నా కక్షిదారులకు చెబుతుంటాను. వేలు పట్టుకుని నొక్కించడం సులువు, తలలో ఉన్న నాలుగంకెలు లాగడం అంత సులువు కాదు.

ఫొటో తీసుకున్నారు, చిన్న యంత్రం మీద వేలు పెట్టమన్నారు. పెట్టాలా?

కొలతలు, వేలిముద్రలు, కంటిపాప ముద్రలు తీసుకోవడానికి 2022లో కొత్త చట్టం వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో వచ్చిన దీని ప్రకారం సేకరించిన వివరాలను 75 ఏళ్లు దాచవచ్చు. ఇంత విశాలమైన చట్టం కూడా మాట్లాడేది శిక్షపడినవారి గురించి, అరెస్టయినవారి గురించి, నివారణ నిర్బంధంలో ఉన్నవారి గురించి. అరెస్టు కాని మనిషి నుంచి నమూనా కావాలంటే సంహిత సెక్షన్ 349 కింద మేజిస్ట్రేటు కారణాలు రాసి ఆదేశించాలి. ఛాయ్ బండి దగ్గర నిలబడ్డవాడు వీటిలో ఎక్కడా రాడు.

2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాదు పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను ఆపి మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగితే జవాబు లేదు, ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఏమవుతుంది, ముఖాలు గుర్తుపట్టే యంత్రాంగంలోకి వెళ్తుందా అన్న ప్రశ్నతో ఆయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. మనలో చాలామంది మాస్కు తీసి, ఫొటో దిగి, ఇంటికొచ్చి మరచిపోయాం.

జేబులు, సంచి తడమవచ్చా?

అరెస్టు చేశాక ఒంటిమీద సోదా చేయడానికి సెక్షన్ 49 ఉంది. స్త్రీని స్త్రీయే, మర్యాద పాటిస్తూ సోదా చేయాలి. మత్తుపదార్థాల చట్టం సెక్షన్ 43 బహిరంగ స్థలంలో సోదాకు వీలిస్తుంది, కాని “నమ్మడానికి కారణం” ఉండాలంటుంది. అదే చట్టం సెక్షన్ 50 ప్రకారం ఒంటిమీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో తీసుకెళ్లమని కోరే హక్కు మీకుందని వాళ్లే చెప్పాలి. చెప్పకుండా చేసిన సోదాల మీద నిలబడ్డ కేసులు చాలా కూలిపోయాయి. చేతిలోని సంచికి మాత్రం ఈ రక్షణ లేదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది.

సినిమా హాలు, మెట్రో, విమానాశ్రయం వేరు. అవి లోపలికి వెళ్లడానికి పెట్టిన షరతులు. మాల్‌లో కాపలాదారు అభ్యంతరం చెప్పవచ్చు, లోపలికి రానివ్వకపోవచ్చు. బలవంతంగా తడమలేడు.

తెల్లవారుజామున బస్తీ మొత్తం చుట్టుముట్టి ఇంటింటికీ వచ్చారు. ఇది ఏ చట్టం?

పత్రికల్లో నిర్బంధ తనిఖీలు, పోలీసు భాషలో కార్డన్ అండ్ సెర్చ్. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఇది ఇప్పుడు మామూలైపోయింది. ఆ మర్నాడు వార్త కూడా ఒకే అచ్చులో వస్తుంది: ఇన్ని వందలమంది పోలీసులు, ఇన్ని ఇళ్లు, సరైన పత్రాలు లేని ఇన్ని ద్విచక్ర వాహనాలు స్వాధీనం, ప్రజల సహకారం అభినందనీయం.

సెక్షన్ 185 చదివితే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అది ఒక నేరం దర్యాప్తు గురించి, ఒక వస్తువు గురించి, ఒక చోటు గురించి మాట్లాడుతుంది. దర్యాప్తు అధికారి ఫలానా చోట ఫలానాది దొరుకుతుందని నమ్మే కారణాలు రాయాలి. సోదాను ఆడియో, వీడియో రూపంలో నమోదు చేయాలి. రాసిన కాగితాల నకళ్లు 48 గంటల్లో మేజిస్ట్రేటుకు పంపాలి. సెక్షన్ 103 ప్రకారం స్థానికులైన ఇద్దరు సాక్షులుండాలి, తీసుకున్న వస్తువుల జాబితా ఇంటివారికి ఇవ్వాలి. రెండొందల ఇళ్లకు ఒకేసారి సరిపోయే కారణం రాయగల దర్యాప్తు అధికారిని నేనింకా చూడలేదు. అందుకే రాయరు. తలుపు కొడతారు, మీరు తీస్తారు, దాన్నే అనుమతి అంటారు.

ఇంట్లో నిలిపి ఉంచిన బండికి బీమా లేదని తీసుకెళ్లడం మరో విడ్డూరం. మోటారు వాహనాల చట్టం రోడ్డు మీద వాడకం గురించి మాట్లాడుతుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ తనిఖీలు జరగవు. అక్కడ బీమా తీరిపోయిన కార్లు లేవని కాదు కదా.

1962లోనే ఖరక్ సింగ్ కేసులో, నిఘాలో ఉన్న మనిషి ఇంటికైనా సరే అర్ధరాత్రి వెళ్లి తలుపు కొట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధన ఒకదాన్ని కొట్టేసింది. పోలీసు రికార్డులో పేరున్న మనిషికే ఆ రక్షణ దొరికింది.

రాత్రి అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటే తీసుకెళ్తారా?

తీసుకెళ్లిన సందర్భాలున్నాయి. హైదరాబాదు పాతబస్తీలో దీనికి “మిషన్ చబుత్రా” అనే పేరే పెట్టారు. చబుత్రా అంటే అరుగు. రాత్రివేళ కూర్చున్న కుర్రాళ్లను పట్టుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపేవారు. కొందరు తల్లిదండ్రులు సంతోషించారు కూడా. కాని కొడుకు ఎన్నింటికి ఇంటికి రావాలో తేల్చే పని తల్లిదండ్రులది. పెద్ద గదులు లేని ఇళ్లవాళ్లకు అరుగే హాలు, అరుగే క్లబ్బు. జూబ్లీహిల్స్‌లో అదే వయసువాళ్లు అదే సమయానికి కాఫీ దుకాణంలో కూర్చుంటారు.

మనకిది కొత్తేమీ కాదు. 1871లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలవాళ్లను పుట్టుకతోనే అనుమానితులను చేసింది. ఎరుకలవాళ్ల కోసం బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు అలా వెలిసిందే. హాజరు వేయించుకోవాలి, బయటికి వెళ్లాలంటే చీటీ ఉండాలి. చీటీ లేకుండా కనిపించడమే నేరం. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు చెబితే కనుబొమలు ఎగరేసే అలవాటు మాత్రం రద్దు కాలేదు.

పార్కులో ఇద్దరం కూర్చుంటే పెళ్లయిందా అని అడుగుతున్నారు.

మేజర్లు ఇద్దరు పార్కులో కూర్చోవడం నేరం కాదు. అశ్లీల చేష్టల మీద సెక్షన్ ఉంది, పక్కపక్కన కూర్చోవడం మీద లేదు. 2001లో వడోదరలో ఒక సీఐఎస్ఎఫ్ కానిస్టేబుల్ రాత్రి ఒంటిగంటకు గర్బా చూడటానికి బైకు మీద వెళ్తున్న కాబోయే దంపతులను ఆపాడు. ఏదో ఒకటి ఇవ్వమని సతాయించి, చివరికి ఆ యువకుడి చేతిగడియారం పుచ్చుకున్నాడు. ఉద్యోగం పోయింది. 2022లో సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థిస్తూ, నీతులు కాపాడటం పోలీసుల పని కాదని చెప్పింది. ఇంటికి ఫోను చేస్తామని బెదిరించేవాళ్లకు కావలసింది ఎక్కువసార్లు ఆ గడియారం లాంటిదే.

“ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి” అని ఫోను చేశారు. వెళ్లాలా?

సాక్షిగా పిలవాలంటే సెక్షన్ 179 కింద రాతపూర్వక ఆదేశం ఉండాలి. స్త్రీలను, 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వాళ్ల నివాసం దాటి రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. మీమీదే ఆరోపణ ఉంటే సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. అది వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటీసు వస్తే తప్పించుకోకండి, వెళ్లండి. వెళ్లేటప్పుడు ఒకరిని తోడు తీసుకెళ్లండి, బయలుదేరిన సమయం ఇంట్లో చెప్పండి.

ప్రశ్నలకు నిజం చెప్పాలి, అయితే మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. రాజ్యాంగం 20(3) అధికరణ, 1978 నాటి నందినీ సత్పతి తీర్పు చెప్పేది అదే. సాక్షిగా ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే పెట్టవద్దు, సెక్షన్ 181 వద్దంటోంది. తెల్లకాగితం మీద అసలే వద్దు.

వీడియో కాల్‌లో యూనిఫారం వేసుకుని “డిజిటల్ అరెస్టు” అనేవాడు దొంగ. అలాంటి అరెస్టు లేదు. ఫోను పెట్టేయండి.

బైండోవర్ చేస్తామంటున్నారు. అదేమిటి?

మంచి నడవడికతో ఉంటానని పూచీకత్తు రాయించుకోవడం. సెక్షన్ 128 ప్రకారం, నేరం చేసే ఉద్దేశంతో దాక్కుంటున్నాడని నమ్మే కారణం ఉంటే ఏడాది వరకు బాండు అడగవచ్చు. కాని రాయించుకోవలసింది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే సాధారణంగా తహసీల్దారు. అదీ కారణం చెప్పి, మీ మాట విని. పండగలకు, ఎన్నికలకు ముందు పాత జాబితా తీసి వరసగా పిలిపించడం ఈ సెక్షన్ ఉద్దేశం కాదు. సెక్షన్ 170 కింద ముందస్తుగా అరెస్టు చేసినా, వేరే చట్టం కింద అవసరమైతే తప్ప 24 గంటలకు మించి ఉంచకూడదు.

ఎన్నికలప్పుడు 50 వేలు దాటితే డబ్బు పట్టుకుంటారు కదా?

పట్టుకుంటున్నారు. కాని ఎన్నికల సంఘం నిబంధన చదవండి: 50 వేలు అన్న హద్దు అభ్యర్థి, ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న వాహనానికీ, ప్రచార సామగ్రి వంటివి దొరికిన వాహనానికీ పెట్టినది. రోడ్డు మీదికి వచ్చేసరికి అది పత్తి అమ్ముకుని వస్తున్న రైతుకు, పెళ్లి బంగారం కొనబోయే తండ్రికి కూడా హద్దైపోయింది. మార్కెట్ చీటీ, బ్యాంకు విత్‌డ్రాయల్ రసీదు, శుభలేఖ దగ్గరుంటే గొడవ తగ్గుతుంది. పట్టుకుంటే రసీదు అడగండి. జిల్లా ఫిర్యాదుల కమిటీ ఉంటుంది, ఎన్నికలతో సంబంధం లేదని తేలితే డబ్బు వెనక్కి ఇస్తుంది. కేసు లేకుండా పోలింగు తర్వాత ఏడు రోజులకు మించి ఆపకూడదు.

వీడియో తీయవచ్చా? ఎదురు ప్రశ్న వేస్తే కేసు పెడతారేమో.

బహిరంగ స్థలంలో పోలీసులను వీడియో తీయకూడదన్న సాధారణ నిషేధం లేదు. పోలీస్ స్టేషన్ కూడా అధికార రహస్యాల చట్టం చెప్పే నిషిద్ధ ప్రదేశం కాదని 2022లో బొంబాయి హైకోర్టు చెప్పింది. దూరంగా నిలబడి, వాళ్ల పనికి అడ్డం రాకుండా తీయండి.

కేసు భయం నిజమైనదే. విధులకు ఆటంకం అన్న సెక్షన్, దానికంటే పెద్దది, బలప్రయోగం చేశారన్న సెక్షన్ రెండూ న్యాయసంహితలో ఉన్నాయి. సురక్షా సంహితలో సెక్షన్ 172 కొత్తగా వచ్చింది. నివారణ విధుల్లో పోలీసులు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలు పాటించాలని, పాటించని వారిని నిలిపి ఉంచవచ్చని అంటుంది. “చట్టబద్ధమైన” అన్న మాట అందులో ఉంది, కాని రోడ్డు మీద దాని అర్థం తేల్చేది లాఠీ ఉన్నవాడే. అందుకే అడిగేటప్పుడు “సార్” వదలవద్దని అంటాను. అది తలొంచడం అనుకునేవారు ఉన్నారు. నాకది రెయిన్‌కోటు లాంటిది.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడ?

అక్కడి నియమాలు వేరు. 18 దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ పత్రం దగ్గర ఉంచుకోవాలని అక్కడి ఫెడరల్ చట్టం అంటుంది. మనవాళ్లకు ఇక్కడ లేని బాధ్యత అది. ఆ దేశంలోకి అడుగుపెట్టినప్పుడు నమోదయ్యే ఐ-94 పత్రం నకలు దగ్గర పెట్టుకోమనండి. “నేను వెళ్లవచ్చా?” అన్నది అక్కడ మొదట అడగవలసిన ప్రశ్న. కారు ఆపితే చేతులు స్టీరింగు మీద ఉంచమనండి, మన అలవాటు కొద్దీ కాగితాలతో కిందికి దిగవద్దని చెప్పండి.

అన్యాయంగా ఆపారు, కొట్టారు కూడా. ఇప్పుడేం చేయాలి?

మొదట ఆ రాత్రే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూపించుకుని చీటీ తీసుకోండి. తర్వాత తేదీ, సమయం, చోటు, వాహనం నంబరు, పేరుపట్టీ మీద చదివింది కాగితం మీద రాసి పెట్టండి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనిపించేలా పట్టీ ధరించాలని సెక్షన్ 36 చెబుతుంది. పట్టీ లేకపోతే లేదనే రాయండి. అరెస్టు చేస్తే కారణాలు రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి తెలుగులో అడగండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకో కమిషనరుకో రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఆపైన మేజిస్ట్రేటు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోను చేస్తే న్యాయసేవల సంస్థ వకీలును ఇస్తుంది.

స్టేషన్‌కు తీసుకెళ్లి ఉంటే ఒక పని వెంటనే చేయండి. 2020 నాటి పరంవీర్ సింగ్ సైనీ తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలుండాలి, రికార్డింగు 18 నెలలు దాచాలి. ఆ తేదీ, ఆ సమయం రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచమని వారం లోపలే రాతపూర్వకంగా కోరండి. కెమెరా పనిచేయడం లేదని జవాబు రావచ్చు. ఆ జవాబునూ కాగితం మీద తీసుకోండి. కోర్టులో అదే ఎక్కువ ఉపయోగపడిన కేసులు నా దగ్గర రెండున్నాయి.